కంప్లైంట్ లేని ఫ్లాట్

"నీకు గోడకి కన్నం వెయ్యడం వచ్చా?" అన్నాడు చీఫ్.

ఏజెంట్ పిడుగు కుర్చీలో నిటారుగా సర్దుకున్నాడు. తన సర్వీసులో అతను కోటగోడలు ఎక్కాడు, జైలుగోడలు దూకాడు, ఓసారి ఒక రాయబారి బంగళా గోడలో ఇటుకలాగా బిగుసుకుపోయి తెల్లారేదాకా నిలబడ్డాడు. కన్నం వెయ్యమని మాత్రం ఎవరూ అడగలేదు.

"ఎంత కన్నం సార్? మనిషి పట్టేంతా?"

"తీగ పట్టేంత."

చీఫ్ బల్ల మీదికి ఓ నీలం చొక్కా విసిరాడు. జేబు మీద ఫైబర్ కంపెనీ ముద్ర, దాని కింద 'మీ ఇంటికి మెరుపు' అని దారంతో కుట్టిన నినాదం. అందులో 'మె' అప్పుడే ఊడిపోయి, 'రుపు' మాత్రం మిగిలింది.

"రేపట్నుంచి నువ్వు ఇంటింటికీ ఇంటర్నెట్టూ టీవీ బిగించే టెక్నీషియన్‌వి."

పిడుగు చొక్కా అందుకున్నాడు. గూఢచారి కాస్తా గోడచారి అయిపోయిన క్షణం అది.

"నల్లదీపం ముఠా గుర్తుందా?" చీఫ్ గోడ మీద మ్యాప్ లాగాడు.

"విదేశీ ముఠా. పోయినసారి విమానాశ్రయంలో దీపాలార్పింది."

"ఈసారి నీళ్ళు వదలబోతోంది. ఊరి పైన ఆనకట్ట. దాని గేట్లు ఎవరు ఎత్తుతారు?"

"అక్కడుండే మనుషులు."

"వాళ్ళని తీసేశారు. చేత్తో తిప్పే చక్రాల్ని తుక్కు కింద అమ్మేశారు. ఫైబర్ వచ్చింది కదా! ఇప్పుడు గేట్ల ఇంజనీరు తన ఫ్లాట్‌లో, బనీనులో కూర్చుని, కాఫీ చప్పరిస్తూ మీట నొక్కుతాడు. ఆయన బిల్డింగ్‌కి వెళ్ళే లైన్ మీంచి, ఆయన డిజిటల్ తాళంచెవితో ఆజ్ఞ వస్తే చాలు, ఆనకట్ట కళ్ళు మూసుకుని వింటుంది. ఆ తాళంచెవిని నల్లదీపం వాళ్ళు ఓ పెట్టెలోకి కాపీ చేశారు. అదే బిల్డింగ్‌లో ఏదో ఒక ఫ్లాట్‌లో కాపురం పెట్టారు. ఆదివారం సాయంత్రం, ఊరంతా ఫుట్‌బాల్ ఫైనల్ చూస్తుండగా, గేట్లన్నీ ఒక్కసారి లేస్తాయి."

పిడుగు లేచి మ్యాప్ దగ్గరికి వెళ్ళాడు. ఆనకట్ట కింద పల్లపు వీధుల్లో వాళ్ళక్క ఉంటుంది. అమ్మ పోయాక అతన్ని ఎత్తుకుని తిప్పి, కొట్టి, తినిపించి, చదివించింది ఆ అక్కే.

"తాళం మార్చెయ్యొచ్చు కదా సార్?"

"సాఫ్ట్‌వేర్ కంపెనీకి రాశాం. టికెట్ నంబర్ ఇచ్చారు."

"బిల్డింగ్ లైన్ కోసేస్తే?"

"అక్కడున్న వాళ్ళ మనిషి పెట్టె చంకన పెట్టుకుని మాయమైపోతాడు. ఇంకో ఆనకట్ట, ఇంకో ఊరు. మనకి పెట్టె కావాలి, మనిషి కావాలి. సోదా అన్న మాట చెవిన పడితే అప్పటికప్పుడే మీట నొక్కేస్తాడు. కాబట్టి కంప్లైంట్ ఇచ్చిన ఇంట్లోకి మర్యాదగా వెళ్ళు, పెట్టె వెతుకు. ఇంకో మాట. ఎవరికీ చెప్పకూడదు. ఇంట్లోవాళ్ళకి అసలే చెప్పకూడదు."

చీఫ్ మొహం అటు తిప్పుకున్నాడు. పిడుగు అక్క ఎక్కడుంటుందో ఆయనకి తెలుసు.

కింద గదిలో సరంజామామయ్య ఎదురుచూస్తున్నాడు. గూఢచారులకి కావలసిన సరంజామా తయారుచేసేది ఆయనే కాబట్టి ఆ పేరు. అందరినీ అల్లుడూ అని పిలుస్తాడు, పిల్లనిచ్చింది మాత్రం ఎవరికీ లేదు.

"అల్లుడూ, ఇదిగో రెండు పెన్నులు. ఒకటి నొక్కితే మత్తుసూది దూసుకెళ్తుంది, ఒక్కటే సూది. రెండోది నిజం టెక్నీషియన్ల సరుకు. ఎర్ర లైటు. తీగలోకి వదిలితే, తీగ ఎక్కడ చెడిందో అక్కడ ఎర్రగా మెరుస్తుంది."

"రెండూ ఒకేలా ఉన్నాయేంటి మామయ్యా?"

"టెండర్ ఒకటే అల్లుడూ." ఆయన ఓ పసుప్పచ్చ తీగ తీసి కొస ఒలిచాడు. లోపల వెంట్రుకంత పోగు. "ఇది బాగా విను. ఇది రాగి కాదు, గాజు. ఇందులో నడిచేది కరెంటు కాదు, వెలుగు. మెల్లగా తిప్పితే తిరుగుతుంది. మెలిపెట్టావా, ఆ మెలికలోంచి బయటికి కారిపోతుంది. మడవకూడదు, ముడెయ్యకూడదు, బల్ల కోడు కింద నలపకూడదు. ఈ మూడూ కస్టమర్లకి చెప్పు."

"వింటారా?"

"వినరు. అయినా చెప్పు."

*

ఆ బిల్డింగ్‌లో పిడుగుకి సాయం చెయ్యాల్సిన మనిషి ఒకామె ఉంది. కోడ్ పేరు బఫరింగ్. ఆమెని చూసిన మగాడి బుర్ర కాసేపు గుండ్రంగా తిరిగి అక్కడే ఆగిపోతుందని ఆ పేరు పెట్టారు. గుర్తుమాటలు చీఫ్ స్వయంగా రాశాడు. పిడుగు "పెట్టెలో లైటు వెలుగుతోందా?" అనాలి. ఆమె "లైటు వెలుగుతోంది, బొమ్మే రావట్లేదు" అనాలి. ఇంకెవరి నోటా ఇలాంటి మాట వచ్చే అవకాశమే లేదని చీఫ్ నమ్మకం. పాపం, ఆయనింట్లో ఇంకా ఫైబర్ లేదు.

మొదటి తలుపు రిటైరైన హెడ్మిస్ట్రెస్ గారిది.

"పెట్టెలో లైటు వెలుగుతోందాండీ?" అన్నాడు పిడుగు, చీఫ్ రాసిచ్చినట్టే.

"లైటు వెలుగుతోంది నాయనా, బొమ్మే రావట్లేదు!"

పిడుగు కన్ను గీటాడు. హెడ్మిస్ట్రెస్ గారు కళ్ళజోడు సవరించుకుని, వయసుకి మర్యాద ఇవ్వడం గురించి అతన్ని గుమ్మంలోనే నిలబెట్టి పాఠం చెప్పారు.

రెండో తలుపు అపార్ట్‌మెంట్ ప్రెసిడెంటు గారిది. "లైటుకేం, దివ్యంగా వెలుగుతోంది. బొమ్మ ఏదయ్యా?" మూడో ఇంట్లో గేట్ల ఇంజనీరు భార్య. "లైటు వెలుగుతోందండీ, బొమ్మే..." మధ్యాహ్నానికి బిల్డింగ్ మొత్తం అతని గూఢచార సహచరులైపోయారు. స్పీడు, స్పీడు అని ఊరంతా హోర్డింగులు పెట్టారు గానీ, ఇళ్ళల్లోకి వచ్చేసరికి అందులోంచి 'స్' జారిపోయి పీడ ఒక్కటే మిగిలింది.

చివరికి మెట్ల మీద కూలబడి, తల గోడకి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. మడమల చప్పుడు. ఎర్ర కోటు, నల్ల కళ్ళద్దాలు, చేతి సంచీ నిండా ప్లాన్ల కాగితాలు. ఆమె ఎదురుగా నిలబడి చెయ్యి నడుం మీద వేసుకుంది.

"అడగరేం?"

"ఏం అడగమంటావమ్మా?"

"పెట్టెలో లైటు గురించి."

"అయ్యో తల్లీ! నీక్కూడా బొమ్మ రావట్లేదా?"

ఆమె నిట్టూర్చి పక్కనే కూర్చుంది. "బఫరింగ్‌ని నేనే. కనెక్షన్లు అమ్ముతాను. డబుల్ ఏజెంట్‌ని."

"మాకూ నల్లదీపానికీనా?"

"ఈ కంపెనీకీ ఎదురు కంపెనీకీ. మీకూ నల్లదీపానికీ కూడా. మొత్తం మీద నాలుగనుకోండి."

"మరి ఇప్పుడు ఎవరి వైపు?"

"లోడవుతోంది," అందామె ప్లాన్ల కాగితంతో విసురుకుంటూ. "పెట్టె ఏ ఫ్లాట్‌లో ఉందో నాక్కూడా చెప్పరు. ఆజ్ఞలన్నీ ఫోన్లోనే, గొంతు మార్చి. ఇంట్లో ఎవరు ఉన్నారు, ఎవరు లేరు అన్న కబుర్లు నేను చెప్పాలి. అంతవరకే."

అప్పుడే పైనుంచి ఒక పెద్దమనిషి మొక్కలకి నీళ్ళు పోసే డబ్బా పట్టుకుని దిగాడు. ఇద్దరికీ తలవంచి నవ్వి, గోడ పక్కనుంచి అడ్డం లేకుండా వెళ్ళిపోయాడు.

"మూడో అంతస్తు శాంతం గారు," అంది బఫరింగ్. "అసలు పేరెవరికీ తెలీదు. బిల్డింగ్‌లో కొట్లాడని మనిషి ఆయనొక్కడే."

కింద హాల్లో ప్రెసిడెంటు గొంతు మోగింది. "ఆయన్ని చూసి నేర్చుకోండయ్యా! ఏనాడైనా పల్లెత్తు మాటన్నాడా!"

*

ఆ వారం పిడుగు జీవితంలో అతి పొడవైన వారం. విష సర్పాల గుంటలో గడిపిన వారం కూడా ఇంతకన్నా తొందరగా గడిచింది, ఎందుకంటే పాములు ఫోన్ చెయ్యవు.

కంప్లైంట్ వచ్చిన ప్రతి ఇంట్లోనూ దూరాడు. మంచాల కింద చూశాడు, అటకలెక్కాడు, అలమరాలు తెరిచాడు. దొరికిందల్లా ఇంకో కంప్లైంటు. ప్రెసిడెంటు గారు వైఫై దొంగలెత్తుకుపోతారని మోడెం పెట్టెని ఇనప బీరువాలో పెట్టి తాళం వేశారు.

"సిగ్నల్ పడగ్గదిలోకి రావట్లేదయ్యా."

"బీరువాలోంచి ఎలా వస్తుంది సార్?"

"అది తెలిస్తే నిన్నెందుకు పిలుస్తాను?"

మోడెం అన్నారు గానీ, తలకాయ లేకుండా పనిచేస్తున్నందుకు దాన్ని మొండెం అనడమే న్యాయమని పిడుగుకి తోచింది.

ఇంజనీరు భార్య శుభ్రత గల మనిషి. గోడ వెంట వేలాడే తీగ చూడ్డానికి బాగాలేదని దాన్ని జడ అల్లినట్టు అల్లి, కొసకి ముడేసింది.

"మడవకూడదమ్మా! అది గాజు!"

"గాజైతే ఇంత మెత్తగా ఎందుకుంది?"

"ముడెయ్యకూడదు. బల్ల కోడు కింద..."

"అదీ పెట్టాను. ఎలా తెలిసింది?"

ఇంజనీరు పక్కగదిలోంచి తొంగిచూశాడు. "చెప్పానా లేదా? నా మాటంటే లెక్కలేదు." అప్పుడే ఆయన కుర్చీ చక్రం తీగ మీదెక్కింది. ఊరి ప్రాణాలు ఈ కుర్చీ చక్రం కింద ఉన్నాయని తలుచుకుని పిడుగు చేతి రుమాలు కొరికాడు.

హెడ్మిస్ట్రెస్ గారింట్లో లైన్ పూర్తిగా పోయింది. పిడుగు జేబులోంచి పెన్ను తీసి, తీగ కొసకి ఆనించి నొక్కాడు. ఎర్ర లైటు రాలేదు. 'టప్' మని ఏదో ఎగిరి సోఫాలో దిగబడింది.

"ఏమిటది?"

"సోఫాకి... సర్వీసింగ్ అండి. ఉచితం."

ఆవిడ పిల్లి వెళ్ళి సరిగ్గా ఆ చోటే కూర్చుంది. మర్నాటి దాకా లేవలేదు. ఆ కంపెనీ చేతిలో పూర్తి విశ్రాంతి పొందిన ప్రాణి చరిత్రలో ఆ పిల్లి ఒక్కటే. ఆ ఒక్క మత్తుసూదీ అలా ఖర్చయిపోయింది. ఈ సంగతి మెట్ల మీద బఫరింగ్‌కి చెప్పుకుంటే, ఓదార్చాల్సింది పోయి కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది.

శుక్రవారం అక్క ఫోన్ చేసింది.

"ఒరేయ్! నువ్వు బీమా కంపెనీలో కదరా పనిచేసేది? ఎవరింట్లోనో ఫైబర్ బిగిస్తున్నావట?"

"ఎవరు చెప్పారక్కా?"

"హెడ్మిస్ట్రెస్ గారు నా పాత టీచరు, నిన్ను గుర్తుపట్టారు. సోఫాలు కూడా బాగుచేస్తున్నావట."

ఈ లోకంలో గూఢచారి వ్యవస్థ అంటూ ఒకటి సరిగ్గా పనిచేస్తోందంటే అది అక్కయ్యలదే.

"అది... సైడు పని అక్కా."

"సైడు పనైతే నా సైడు చూడవేంరా? నా గుమ్మం ముందు స్తంభానికి తీగచుట్ట వేలాడుతోంది, ఎండాకాలం నించీ. పావురం వచ్చి అందులో గూడు కట్టింది, గుడ్లు పెట్టింది, పిల్లలకి ఎగరడం కూడా నేర్పేసింది. వాటికి కాపురం కుదిరింది గానీ నాకు కనెక్షన్ కుదర్లేదు."

"చూస్తానక్కా. అది సరే గానీ... ఆదివారం సాయంత్రం గుట్ట మీద నీ స్నేహితురాలింటికి వెళ్ళవూ? చాలాకాలమైందిగా ఆవిణ్ణి చూసి."

"ఆదివారమా? చచ్చినా కుదరదు. ఆదివారం సాయంత్రమే మనిషి వస్తాడని మెసేజ్ వచ్చింది. వచ్చినప్పుడు ఇంట్లో లేకపోతే వరసలో మళ్ళీ చిట్టచివరికి తోసేస్తారు. ఇల్లు కదిలినా నేను కదలను."

పిడుగు కళ్ళముందు ఇల్లు నిజంగానే కదిలింది.

"అక్కా, నా మాట విను..."

"ఎందుకో చెప్పు, వింటాను."

చెప్పకూడదు. నోటిదాకా వచ్చింది, మింగాడు. గాజు పోగు మింగినట్టుంది.

*

ఆదివారం. వీధిలో పురుగు లేదు. బిల్డింగ్‌లో ప్రతి తలుపు వెనకా అదే స్టేడియం హోరు. పిడుగు ఒక్కడే రెండో అంతస్తు వరండాలో నిచ్చెన కింద నిలబడి ఉన్నాడు. కంప్లైంట్ వచ్చిన ప్రతి ఇల్లూ గాలించాడు. మొదటి అంతస్తులో డిష్ పెట్టుకున్నవాణ్ణి అనుమానించాడు, ఆ డిష్‌లో పావురాలకి నీళ్ళు పోస్తున్నాడు. ఇక చూడని కంప్లైంటు లేదు. పెట్టె లేదు. అంతర్జాలం అంతర్జాలం అని పొగుడుతారు గానీ, వారం పాటు అతనికి దొరికింది అంతరాయజాలం.

ఫోన్ తీసి అక్కకి కలిపాడు.

"మనిషి వచ్చాడా?"

"ఇంకా రాలేదు. గుమ్మంలోనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను."

"అక్కా... నేనెప్పుడైనా నిన్నేమైనా అడిగానా?"

"అడగనిదెప్పుడు? చిన్నప్పుడు..."

"ఈ ఒక్కటి. లేచి గుట్ట మీదకి వెళ్ళిపో. ఇప్పుడే. ఎందుకని అడక్కు."

అక్క గొంతు తగ్గించి, "ఏంట్రా నీ గొంతు అలా ఉంది? జ్వరమా?" అంది. అంతలో లైన్ కట్టయింది. మళ్ళీ కలిపితే, మీరు కోరుకున్న కస్టమర్ ప్రస్తుతం అందుబాటులో లేరు అని ఓ తీయని గొంతు చెప్పింది. పిడుగుకి ఆ గొంతుని పీక పట్టుకుని పిసకాలనిపించింది.

స్టేడియం హోరు ఒక్కసారి హెచ్చింది. సమానమైన గోల్స్, ఆఖరి పెనాల్టీ. ఆటగాడు పరిగెత్తాడు, తన్నాడు, బంతి లేచింది...

బిల్డింగ్ అంతా నిశ్శబ్దం.

తరవాత ఒకేసారి అన్ని తలుపులూ తెరుచుకున్నాయి. ఊరంతా ఒకే బొమ్మ చూస్తుంటే కంపెనీ వారి టీవీ సర్వీసు చేతులెత్తేసింది. ఇంటర్నెట్ నడుస్తోంది, టీవీలు మాత్రం బిగుసుకుపోయాయి. ప్రతి ఇంట్లోనూ బంతి గాల్లో, గోల్‌కీపర్ గాల్లో, ప్రాణాలు గాల్లో.

"ఏమయ్యా నీలం చొక్కా!"

"బంతి ఎటు పోయింది?"

"మా ఆయనకి బీపీ ఉంది, ఆయనకేమైనా అయితే నీదే పూచీ!"

ఇంజనీరు బనీనులో రిమోట్ ఊపుకుంటూ దిగాడు. ప్రెసిడెంటు అతన్ని తోసుకుని వచ్చాడు. హెడ్మిస్ట్రెస్ గారు పిల్లిని చంకనేసుకుని వచ్చారు. పై అంతస్తులవాళ్ళు కటకటాల మీంచి వంగి అరుస్తున్నారు. పిడుగు నిచ్చెనకి వీపు ఆనించి, చేతులు అడ్డం పెట్టుకుని, ఒక్కొక్క మొహమే చూస్తున్నాడు. అందరూ తెలిసిన మొహాలే. అందరి మంచాల కిందా దూరాడు, అందరి తిట్లూ తిన్నాడు.

ఒక్క మొహం లేదు.

పైకి చూశాడు. మూడో అంతస్తులో ఒకే ఒక్క తలుపు మూసి ఉంది.

పిడుగుకి అప్పుడు తట్టింది. అతను లెక్కపెట్టింది కంప్లైంట్లని, తలుపుల్ని కాదు. కంప్లైంట్ వచ్చిన ఇంట్లోకల్లా వెళ్ళాడు. అసలు కంప్లైంటే ఇవ్వని ఇంట్లోకి వెళ్ళలేదు. ఈ లైన్ మీద కనెక్షన్ పెట్టుకుని, ఏనాడూ పల్లెత్తు మాటనని మనిషి! ఆఖరి పెనాల్టీలో బొమ్మ ఆగిపోతే గుమ్మం దాటి రాని మనిషి! వాడు కస్టమర్ ఎలా అవుతాడు?

జనాన్ని చీల్చుకుని మెట్లెక్కాడు. తలుపు కొట్టాడు. గొలుసు వేసే ఉంచి, తలుపు బెత్తెడు తెరుచుకుంది. శాంతం గారి చిరునవ్వు.

"ఏం బాబూ?"

"కంప్లైంట్ చూడ్డానికొచ్చాను సార్."

"నాకేం కంప్లైంట్ లేదే. అంతా బాగానే ఉంది."

"మ్యాచ్ వస్తోందా సార్?"

"ఆహా! బ్రహ్మాండంగా వస్తోంది. ఇప్పుడే గోల్ కొట్టారు కదూ."

కింద వరండాలో బిల్డింగంతా గాల్లో ఆగిన బంతి కోసం ఏడుస్తోంది.

వారమంతా నెట్టు, నెట్టు అన్న మాట తప్ప ఇంకోటి వినని పిడుగు తలుపుని ఒక్క నెట్టు నెట్టాడు. గొలుసు తెగింది.

లోపల టీవీ లేదు. సోఫా లేదు. ఉన్నదల్లా ఒక బల్ల, దాని మీద ఒక నల్లపెట్టె, ఒక తెర. తెర మీద వరసగా ఆనకట్ట గేట్ల బొమ్మలు, కింద ఆకుపచ్చ గీత ఒకటి మెల్లగా నిండుతోంది. 'ఆజ్ఞ పంపబడుతోంది.'

శాంతం గారి చేతిలో పిస్తోలు ప్రత్యక్షమైంది. చిరునవ్వు మాత్రం చెక్కుచెదరలేదు.

పిడుగు జేబులోంచి పెన్ను లాగి నొక్కాడు. శాంతం గారి గుండె మీద ఎర్రటి చుక్క నిలిచింది. ఆ చుక్క చూసి ఆయన కొయ్యబారాడు.

"కదిలావో, పేలుతుంది."

"పేలదు." గుమ్మంలో ఎర్ర కోటు. బఫరింగ్ నింపాదిగా లోపలికొచ్చింది. "అది ఉత్త లైటు పెన్ను. అసలుది సోఫాలో పేలిపోయింది."

శాంతం గారు ఆ గొంతు గుర్తుపట్టి హాయిగా ఊపిరి పీల్చాడు. పిడుగు ఆమె వంక చూశాడు.

"నువ్వసలు ఎవరి వైపు?"

"ఇంకా లోడవుతోంది."

ఆకుపచ్చ గీత చివరికొచ్చేసింది. శాంతం గారు పిస్తోలు ఎత్తాడు. పిడుగు కళ్ళ ముందు గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్న అక్క కనపడింది. చేతిలో ఆయుధం లేదు. కత్తి లేదు, కత్తెర కింద నిచ్చెన దగ్గర ఉంది. నేల మీద, గోడ వారనే, చెక్కుచెదరకుండా, ముచ్చటగా, రూల్ ప్రకారం బిగించిన పసుప్పచ్చ తీగ ఒకటి నల్లపెట్టెలోకి పోతోంది. బిల్డింగ్ మొత్తానికి పద్ధతిగా బిగించిన తీగ అదొక్కటే!

వారం రోజుల మంట ఒక్కసారి నషాళానికెక్కింది. పిడుగు నేల మీదికి దూకి తీగని పట్టుకుని మడిచాడు. మడిచినదాన్ని జడలా అల్లి ముడేశాడు. ముడిని బల్ల కోడు కింద తోసి, బల్ల మీదెక్కి కూర్చున్నాడు.

ఆకుపచ్చ గీత చివర వెంట్రుకవాసి దూరంలో ఆగిపోయింది. తెర మీద ఓ చిన్న చక్రం గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. నల్లపెట్టెలో ఎర్ర లైటు మిణుకుమంది.

శాంతం గారి చిరునవ్వు మొదటిసారి చెదిరింది. మొహం జేగురించింది. పిస్తోలు సంగతే మరిచిపోయి, పెట్టె నెత్తిన అరచేత్తో చరిచాడు.

"ఏమైంది? నెట్ ఏమైంది? ఇప్పుడే పోవాలా! ఏం కంపెనీ ఇది? ఏం సర్వీసు ఇది?"

"కంప్లైంట్ నమోదు చేసుకోండి సార్," అన్నాడు పిడుగు బల్ల మీంచి. "రెండు పనిదినాల్లో మనిషి వస్తాడు."

శాంతం గారు గర్జించి పిస్తోలు అతని మీదికి తిప్పాడు. కానీ అది పేలేలోపే, రెండు కంపెనీల ప్లాన్ల కాగితాలతో రాయిలా బరువెక్కిన చేతి సంచీ ఒకటి గాల్లో తిరిగి ఆయన చెవి మీద దిగింది. శాంతం గారు శాంతంగా పడిపోయారు.

"లోడయింది," అంది బఫరింగ్, సంచీ దులుపుకుంటూ.

"ఇన్నాళ్ళకా! ఎందుకు?"

"ఈ ఫ్లాట్‌కి కనెక్షన్ అమ్మింది నేనే. నా సర్వీసుకి అయిదు నక్షత్రాలిచ్చిన కస్టమర్ ఈయనొక్కడే. ఈయన నా బాసని ఇప్పుడే తెలిసింది." ఆమె కళ్ళద్దాలు తీసింది. "నా సర్వీసు ఎలాంటిదో నాకు తెలుసు. అంత పచ్చి అబద్ధాలకోరు కింద ఎలా పనిచెయ్యను చెప్పండి?"

గుమ్మం జనంతో నిండిపోయింది. నేల మీద పిస్తోలు, పిస్తోలు పక్కన శాంతం గారు, బల్ల మీద టెక్నీషియన్. హెడ్మిస్ట్రెస్ గారు ఇవేవీ లెక్కచెయ్యకుండా రిమోట్ చాచారు.

"ఇక్కడ దాక్కున్నావా? మా బంతి సంగతేంటి?"

*

ఫోన్లో చీఫ్ గొంతు సంతోషంతో మోగింది. "ఒక్క గేటు కూడా కదల్లేదోయ్! పెట్టె దొరికింది, మనిషి దొరికాడు. ఏం కావాలో కోరుకో. పతకమా? పదవా?"

"మా అక్కకి ఫైబర్ కనెక్షన్ సార్."

"మనం గూఢచారులం పిడుగూ, దేవుళ్ళం కాదు. పతకం తీసుకో."

నీలం చొక్కా విప్పుతుండగా అక్క దగ్గర్నించి ఫోన్ వచ్చింది. పిడుగు ఒక చెయ్యి చొక్కాలోనే ఉండగా ఫోన్ అందుకున్నాడు.

"అక్కా! ఎక్కడున్నావ్?"

"గుట్ట మీద ఉన్నాన్రా! నీ గొంతు విని భయమేసి, తాళం పెట్టి వచ్చేశాను. ఇక్కడికొచ్చి కూర్చోగానే పక్కింటావిడ ఫోన్ చేసింది. నేను వీధి మలుపు తిరగ్గానే మనిషి వచ్చాడట! తీగ కిందికి దింపాడట! తలుపు తట్టాడట! తాళం చూసి, తీగ మళ్ళీ చుట్టేసి, స్తంభానికి తగిలించి పోయాడట! వరసలో మళ్ళీ చిట్టచివరికి తోసేశారు! నీ మాట విన్నందుకురా ఇది!"

పిడుగు మెట్ల మీద కూర్చుండిపోయాడు. కింద పల్లపు వీధుల్లో ఇళ్ళన్నీ పొడిగా ఉన్నాయి. కళ్ళు మాత్రం తడిశాయి.

"అక్కా, అయితే నీకు కంప్లైంట్ ఉందా?"

"ఉందా అంటే? ఒకటా రెండా! కంపెనీ మీద ఉంది, పావురం మీద ఉంది, అన్నిటికన్నా ముందు నీ మీద ఉంది. కాగితం, కలం తీసుకో, చెబుతాను!"

"చెప్పక్కా, చెప్పు," అన్నాడు పిడుగు గోడకి చేరగిలబడి. "హమ్మయ్య! నువ్వు మాత్రం గూఢచారివి కాదు."